పూలమొక్కల బిల్లు వర్ధిల్లాలి

మాకు పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టేది ఆర్నెల్లకి. టెక్సాస్ చట్టసభకు వాళ్ళ రాజ్యాంగం ఇచ్చింది 140 రోజులు, అదీ రెండేళ్ళకోసారి. అంటే కూతుర్ని చూడ్డానికి డాలస్ వచ్చే నాలాంటి రిటైర్డ్ తండ్రికి ఉన్నంత వ్యవధి కూడా మూడు కోట్ల మందికి చట్టాలు చేసే సభకు లేదు. 1876లో ఆ రాజ్యాంగం రాసుకున్నవాళ్ళకు, 1960లో సవరణతో ఆ 140 రోజుల హద్దు పెట్టినవాళ్ళకు ప్రభుత్వం మీద అంత నమ్మకం మరి! రెండేళ్ళలో 140 రోజులు అని కాదు, 140 ఏళ్ళలో రెండు రోజులు అని రాయబోయి పొరపాటు పడ్డారని అక్కడో పాత జోకు.

నేను దాన్ని జోకు అనుకోలేదు. ముప్పయ్యేళ్ళు జిల్లా పరిషత్తులో మినిట్స్ పుస్తకం రాసినవాణ్ణి. సభ ఎంత తక్కువ జరిగితే పుస్తకం అంత శుభ్రంగా ఉంటుందని నాకు తెలుసు. అందుకే 2025 మేలో, సమావేశాలు ముగిసే వారంలో, అల్లుణ్ణి బతిమాలి వాళ్ళ రాజధాని ఆస్టిన్ ప్రయాణం కట్టించాను. "మామయ్య గారూ, అందరూ హ్యూస్టన్‌లో నాసా చూస్తారండీ" అన్నాడు. రాకెట్టు పైకి పోవడంలో వింతేముంది బాబూ, బిల్లు పైకి పోకుండా ఆపడం చూడాలి అన్నాను.

చట్టసభ భవనం, వాళ్ళ భాషలో 'కాపిటల్', చూడగానే చేతులు జోడించబుద్ధయింది. గులాబీ రంగు గ్రానైటు. 1888లో పూర్తయింది. వాషింగ్టన్‌లో ఉన్న కాపిటల్ కన్నా దాదాపు 15 అడుగులు ఎత్తు. కట్టినవాళ్ళకు డబ్బు బదులు 30 లక్షల ఎకరాల భూమి రాసిచ్చారు. మన అమరావతిలో రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చి భవనాల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. వీళ్ళు రేటు ఎక్కువ పెట్టారు గానీ డెలివరీ ఉంది. తలుపుల ఇత్తడి బందుల మీద కూడా 'టెక్సాస్ కాపిటల్' అని అక్షరాలు పోయించారు. మా ఆఫీసు ఫ్యాన్ల మీద, కుర్చీల మీద తెల్లరంగుతో 'జి.ప.' అని రాసేవాళ్ళం, ఎవరైనా ఎత్తుకుపోతారని. ఇక్కడ రాసింది ఆ భయంతోనా, గర్వంతోనా అన్నది తేల్చుకోలేకపోయాను.

మేము చూసింది ఎగువ సభ, సెనేట్. సెనేటర్లు 31 మంది. నెల జీతం 600 డాలర్లు, సభ జరిగే రోజుల్లో భత్యం వేరే. మా మనవరాలి డేకేర్‌కి మా అమ్మాయి కట్టేది ఈ జీతం కన్నా ఎక్కువ. అధ్యక్ష స్థానంలో కూర్చునేది లెఫ్టినెంట్ గవర్నర్. మనకు ఆ పేరు వింటే ఢిల్లీకో పుదుచ్చేరికో కేంద్రం పంపే పెద్దమనిషి గుర్తొస్తాడు. ఇక్కడ ఆయన్ని రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకుంటుంది. ఆయన సెనేటర్ కాడు. కానీ ఏ కమిటీలో ఎవరుండాలో, ఏ బిల్లు ఏ కమిటీకి పోవాలో, మాట్లాడే అవకాశం ఎవరికివ్వాలో అన్నీ ఆయన చేతిలోనే. 2015 నుంచి ఆ కుర్చీలో డాన్ పాట్రిక్ ఉన్నారు. పిల్లికి గంట కట్టడం గురించి మనం సామెత చెప్పుకుంటాం, ఇక్కడ పిల్లే సభ పిలుస్తుంది.

ఉదయం ప్రార్థనతో మొదలైంది. తరువాత 'ఈ రోజు డాక్టరు' గారిని పరిచయం చేశారు. ఆ రోజుకు కాపిటల్‌లో ఎవరికైనా నలత చేస్తే చూసే వైద్యుడన్నమాట. సభలో జరగబోయేది వీళ్ళకు ముందే తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. ఆ తరువాత గ్యాలరీలో కూర్చున్న బడిపిల్లలకు స్వాగతం, చప్పట్లు.

ఇక బిల్లులు. నా పక్కన కూర్చున్న ఓ పెద్దాయన, ఆ ఊరివాడే, నాలాగే పనిలేనివాడు, ఓపిగ్గా వివరించాడు. బిల్లుల వరసలో అన్నిటికన్నా పైన ఒక బిల్లు ఉంటుంది. కౌంటీ పార్కుల సుందరీకరణ, పూలమొక్కలు, అలాంటిదేదో. వరసలో మొదటిది తేలకుండా రెండోది ఎత్తకూడదని రూలు. ఆ మొదటిదాన్ని ఎవరూ ఎత్తరు. ఎత్తడానికి పెట్టింది కాదది. దారికి అడ్డంగా పడుకోవడమే దాని ఉద్యోగం. వాళ్ళ భాషలో 'బ్లాకర్ బిల్లు'. కాబట్టి తతిమ్మా ప్రతి బిల్లుకూ ముందు "ఈ ఒక్కసారికి వరస పక్కన పెడదాం" అని సభ ఒప్పుకోవాలి. ఈ ఒక్కసారికి అంటే ప్రతిసారీ. దశాబ్దాలుగా అంతే. సభ మారినప్పుడల్లా పూలమొక్కల బిల్లో దాని చెల్లెలో వస్తుంది, అడ్డంగా పడుకుంటుంది, సభ ముగియగానే చచ్చిపోతుంది. దేశసేవలో ఇంత నిస్వార్థంగా ప్రాణం విడిచే బిల్లును నేను ఏ సభలోనూ చూడలేదు.

అడ్డం ఎందుకూ అంటే, వరస పక్కన పెట్టడానికి మామూలు మెజారిటీ చాలదు. ఒకప్పుడు మూడింట రెండు వంతులు కావాలి. 31లో 21 మంది. దాంతో చిన్న పార్టీకి కూడా కాస్త విలువ ఉండేది, ఎదుటివాళ్ళతో మాట్లాడుకోక తప్పేది కాదు. పెద్దరికం అంటే అదేనని మురిసిపోయేవారట. 2015 వచ్చేసరికి ఏలే పార్టీ దగ్గర 20 మంది ఉన్నారు, ఒకరు తక్కువ. బయటి నుంచి ఒకర్ని తెచ్చుకోవడం మన పద్ధతి. వాళ్ళు మర్యాదస్తులు, మనుషుల జోలికి పోలేదు, భిన్నాన్ని మార్చారు. అయిదింట మూడు వంతులు చాలు అన్నారు. అంటే 19. తరువాత ఎన్నికల్లో బలం తగ్గుతూ 2021కి 18కి చేరింది. అప్పుడు తొమ్మిదింట అయిదు వంతులు అన్నారు. లెక్క వేసుకోండి: 17.2, పైకి సవరిస్తే 18. ఒక్క మనిషి కూడా వృథా కాలేదు.

ఆ వారమే మా మనవడికి ఇంట్లో భిన్నాల హోంవర్కు. "తాతయ్యా, 3/5 పెద్దదా 5/9 పెద్దదా?" అని అడిగాడు. క.సా.గు. 45, కాబట్టి 27, 25, మొదటిదే పెద్దది అని చెప్పాల్సినవాణ్ణి. ఆస్టిన్ చూసొచ్చిన విజ్ఞానంతో, "ముందు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పరా" అన్నాను. వాడు అదే రాసుకుపోయాడు. టీచరు సున్నా వేసింది. ఆవిడకు రాజ్యాంగ పరిజ్ఞానం తక్కువ.

బిల్లుల దగ్గరికే వద్దాం. ప్రతి బిల్లునూ మూడు వేరువేరు రోజుల్లో చదవాలని రాజ్యాంగంలో ఉంది. తొందరపాటు లేకుండా, నిద్రపోయి లేచి ఆలోచించుకోవడానికి. అయితే 'అత్యవసర ప్రజావసరం' ఉంటే అయిదింట నాలుగు వంతుల ఓటుతో ఆ నిబంధనను పక్కన పెట్టొచ్చు. నేను చూస్తుండగానే ఓ రోడ్డు ముక్కకు పేరు పెట్టే బిల్లుకు అత్యవసర ప్రజావసరం వచ్చింది. రెండో పఠనం, "అభ్యంతరాలున్నాయా, లేవు", నిబంధన రద్దు, మూడో పఠనం, ఓటు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకునేసరికి బిల్లు వెళ్ళిపోయింది. పఠనం అంటే ఏం చదువుతారు అనుకున్నారు? శీర్షిక. మన పురోహితుడు గడియ ముంచుకొస్తుంటే మంత్రాలు మింగేసి మాంగల్యధారణకు వచ్చేసినట్టు. రెండు సభల్లో కలిపి 8,000కు పైగా బిల్లులు పెడితే, దాదాపు 1,200 గట్టెక్కిన సమావేశాలు అవి. ఆ లెక్కన మరి చదువుతూ కూర్చుంటే కుదురుతుందా?

ఇంకో ముచ్చట నా ఉద్యోగజన్మను ధన్యం చేసింది. ఒక్క ఊరికోసం ప్రత్యేక చట్టం చేయకూడదని వాళ్ళ రాజ్యాంగం. మంచిదే. కాబట్టి బిల్లులో ఊరి పేరు రాయరు. 'జనాభా ఇంతకు తగ్గకుండా, ఇంతకు మించకుండా ఉండి, సముద్రాన్ని ఆనుకుని ఉన్న కౌంటీలన్నిటికీ' అని రాస్తారు. అన్నిటికీ అంటే వెతికితే ఒకటి దొరుకుతుంది. ఫలానా కొలతల రోడ్డురోలరు, ఫలానా ఏడాది అనుభవం, ఫలానా మండలంలో ఆఫీసు ఉన్నవారే అర్హులు అని టెండరు షరతులు రాసిన చేతులివి. గ్యాలరీలో లేచి నిలబడి నమస్కారం పెడదామనుకున్నాను, అల్లుడు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

బిల్లును ఆపాలంటే ఇంకో మార్గం కూడా ఉంది. నిలబడి మాట్లాడుతూనే ఉండటం. కూర్చోకూడదు, బల్లకు ఆనుకోకూడదు, తినకూడదు, తాగకూడదు, బాత్రూముకు పోకూడదు, విషయం దాటకూడదు. మా శ్రీమతి ఇవన్నీ పాటిస్తూ తద్దె నోములు చేసింది, ఆవిడ పేరు ఏ రికార్డులోనూ లేదు. 1977లో బిల్ మేయర్ అనే సెనేటర్ 43 గంటలు మాట్లాడాడు. బాత్రూము సంగతి ఎలా అని మీకొచ్చిన సందేహమే నాకూ వచ్చింది. వ్యోమగాములు వాడే తరహా సంచి కట్టుకున్నాడట. నాసా చూడలేదని బాధపడక్కర్లేదని అల్లుడికి అప్పుడే చెప్పాను.

2013 జూన్ 25 కథ మటుకు అందరికీ తెలిసిందే. గర్భస్రావాల మీద ఆంక్షల బిల్లు. అర్ధరాత్రి దాటితే ప్రత్యేక సమావేశాల గడువు ముగిసి బిల్లు చస్తుంది. దాన్ని ఆపడానికి వెండీ డేవిస్ అనే సెనేటర్ గులాబీ రంగు స్నీకర్స్ వేసుకుని ఉదయం పదకొండు దాటాక లేచింది. మూడు తప్పులు పట్టుకుంటే ఆపేయొచ్చు. మొదటి తప్పు, కుటుంబ నియంత్రణ బడ్జెట్ గురించి మాట్లాడింది, విషయం దాటింది. రెండో తప్పు, నడుముకు పట్టీ కట్టుకోవడానికి తోటి సెనేటరు సాయం చేశాడు. మూడో తప్పు, గర్భస్రావానికి ముందు స్కానింగ్ తప్పనిసరి చేసిన పాత చట్టాన్ని ప్రస్తావించింది. గర్భస్రావాల బిల్లు మీద మాట్లాడుతూ గర్భస్రావాల చట్టం ఎత్తడం విషయాంతరం అని తేలింది. దాదాపు పదకొండు గంటలసేపు నిలబడ్డాక ఆపేశారు. తరువాత గ్యాలరీలో జనం అరుపులు, ఓటింగు, గందరగోళం, గడియారం.

ఆ రాత్రి నాకు నచ్చింది ఉపన్యాసం కాదు, తేదీ. సెనేట్ రికార్డులో ఆ ఓటు పక్కన మొదట జూన్ 26 అని పడింది. కాసేపటికి అది జూన్ 25 అయింది. వెనక తేదీ వేయడం నాకు కొత్త కాదు. చైర్మన్ గారి సంతకం శుక్రవారానిదని మేము మంగళవారం రాసుకున్నవే ఎన్నో ఉన్నాయి. కానీ తలుపులేసుకుని, బీరువా చాటున, చెమటలు కక్కుతూ చేసేవాళ్ళం. లక్ష మందికి పైగా లైవ్‌లో గడియారం వంక చూస్తుండగా చేయాలంటే గుండె ఉండాలి. జనం రెండు తేదీలనూ ఫొటోలు తీసి పెట్టేశారు. తెల్లవారుజామున మూడు గంటలకు అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ డ్యూహర్స్ట్ వచ్చి, టైము దాటిపోయింది, బిల్లు పోయింది అన్నాడు. మళ్ళీ సభ పిలిచి మరుసటి నెలే పాస్ చేశారు. 2016లో సుప్రీంకోర్టు అందులో ముఖ్యమైన భాగాలు కొట్టేసింది. ఆ రోజంతా నిలబడ్డ నడుముకు జరిగిన నష్టం ఏ తీర్పులోనూ లేదు.

పారిపోవడం కూడా ఒక పద్ధతేనట. కోరానికి 21 మంది కావాలి కాబట్టి 1979లో 12 మంది సెనేటర్లు మాయమై, ఆస్టిన్‌లోనే ఓ గ్యారేజీ మీది చిన్న ఇంట్లో నాలుగు రోజులకు పైగా దాక్కున్నారు. పోలీసులు ఓ సెనేటర్ అనుకుని ఆయన తోడబుట్టినవాణ్ణి పట్టుకొచ్చారు. 1984లో మన ఎమ్మెల్యేలను బెంగళూరు, నంది హిల్స్ తిప్పారు, ఎంత గౌరవంగా చూసుకున్నారు! పన్నెండు మందికి ఒక గ్యారేజీ ఇల్లేమిటి, పాపం.

ఇన్ని అవాంతరాల మధ్య కూడా ఆ చట్టసభ కొన్ని విషయాల్లో ఏకతాటి మీద నడిచింది. చిల్లీ రాష్ట్ర వంటకమని 1977లో, చిప్స్ సాల్సా రాష్ట్ర చిరుతిండి అని 2003లో, కౌబాయ్ బూటు రాష్ట్ర పాదరక్ష అని 2007లో, కౌబాయ్ టోపీ రాష్ట్ర టోపీ అని 2015లో తీర్మానించారు. బూటుకూ టోపీకీ మధ్య ఎనిమిదేళ్ళు పట్టింది, తొందరపడలేదు. ఆ రాత్రి గొడవ జరిగిన 2013లోనే పీకాన్ పైని రాష్ట్ర పై చేశారు. దానికి వ్యతిరేకంగా ఎవరూ పట్టీ కట్టుకుని నిలబడలేదు.

సాయంత్రం చీకటి పడుతుండగా తిరిగొచ్చాం. దారిపొడవునా పూలమొక్కల బిల్లే కళ్ళలో మెదిలింది. ఇన్ని దశాబ్దాలు, ఇందరు సెనేటర్లు, ఒక్క పార్కులో ఒక్క మొక్క దాని పేరు మీద నాటలేదు. ఇల్లు చేరేసరికి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఓ ఉత్తరం. కాలనీ సంఘం వాళ్ళది, హెచ్‌ఓఏ అంటారు. ఇంటి ముందు పూలపాదులో కలుపు పెరిగింది, ఫొటో జతపరిచాం, పది రోజుల్లో సరిచేయకపోతే జరిమానా. పఠనాలు లేవు, వంతులు లేవు, కోరం లేదు. అల్లుడు బూట్లయినా విప్పకుండా టార్చిలైటు పట్టుకుని పెరట్లోంచి పార తెచ్చాడు.

"రేపు చూద్దువులే బాబూ" అన్నాను.

"వీళ్ళతో పెట్టుకోకూడదండీ మామయ్య గారూ" అన్నాడు, మోకాళ్ళ మీద కూర్చుంటూ.