తేలిన విషయంపై తేలని చర్చ

2017 ఆగస్టులో ఒక ఉదయం బీబీసీ రేడియో వార్తా కార్యక్రమంలో బ్రిటన్ మాజీ ఆర్థికమంత్రి లార్డ్ నైజెల్ లాసన్ మాట్లాడారు. గడచిన పదేళ్లలో భూమి సగటు ఉష్ణోగ్రత కాస్త తగ్గిందని, అధికారిక లెక్కలే ఆ మాట చెబుతున్నాయని ఆయన అన్నారు. అది నిజం కాదు. ప్రశ్నలు అడుగుతున్న జర్నలిస్టు అడ్డు చెప్పలేదు. వింటున్న ఇళ్లన్నింటిలోకీ ఆ మాట నిజంలాగే వెళ్లిపోయింది. అది నిబంధనల ఉల్లంఘనేనని ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తేల్చేసరికి 2018 ఏప్రిల్ వచ్చింది. వాతావరణ మార్పు వార్తల విషయంలో చాలాసార్లు పొరబడ్డామని, సమతూకం కోసం భూతాపాన్ని కాదనేవారిని పిలవనక్కర్లేదని బీబీసీ అదే ఏడాది తన సిబ్బందికి రాసి పంపింది. మంచిదే. కానీ ఆ ఉదయం రేడియో విన్నవారిలో ఎందరికి ఆ దిద్దుబాటు చేరి ఉంటుంది?

ఈ తప్పు ఒక్క సంస్థది కాదు. వార్తారంగంలో ఉన్న అందరిదీ, మాతో సహా. ఇరుపక్షాల మాటా వినిపించాలన్నది ఈ వృత్తిలో అందరం నేర్చుకునే తొలి పాఠం. రాజకీయ వివాదాల్లో అది ప్రాణంతో సమానం. కొలిచి తేల్చిన విషయానికీ అదే సూత్రాన్ని తగిలిస్తే మాత్రం పాఠకుడికి ద్రోహం చేసినట్టే. టీవీ చర్చ ఎలా సాగుతుందో చూడండి. తెర మీద ఒక గడిలో పరిశోధకురాలు, పక్క గడిలో పార్టీ ప్రతినిధి. ఉష్ణోగ్రత పెరుగుదల ఇంత నుంచి ఇంత మధ్య ఉండొచ్చని ఆమె ఆచితూచి చెబుతారు. ‘చూశారా, వాళ్లకే సరిగ్గా తెలియదు’ అని ఆయన అందుకుంటారు. ఆమె బదులివ్వబోయేలోగా విరామం వచ్చేస్తుంది. ఆచితూచి మాట్లాడటమే ఆమె బలహీనత అయిపోతుంది. గడులు రెండూ ఒకే కొలత కాబట్టి మాటలు రెండూ ఒకే విలువ అనిపిస్తాయి. అమెరికాలోని నాలుగు పెద్ద పత్రికల్లో 1988-2002 మధ్య వచ్చిన కథనాలను పరిశీలించి 2004లో వెలువరించిన ఒక అధ్యయనమూ ఇదే చెప్పింది. భూతాపానికి మనిషే కారణమన్న మాటకూ, అది ప్రకృతి సహజమన్న మాటకూ సగానికి పైగా కథనాలు దాదాపు సమానంగా చోటిచ్చాయి.

ఇది నిన్నమొన్న తెలిసిన సంగతీ కాదు. 1856లోనే యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో థర్మామీటర్లు ఉంచి, ఎండలో పెట్టి చూశారు. కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం మామూలు గాలి ఉన్న గొట్టం కన్నా ఎక్కువ వేడెక్కింది. ఎండలోంచి తీశాక చల్లారడానికీ ఎన్నో రెట్ల సమయం పట్టింది. ఆ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ లెక్కగట్టారు. హవాయిలోని మౌనా లోవా కొండపై 1958లో కొలతలు మొదలైనప్పుడు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. భూమి వేడెక్కడానికి మనిషే కారణమన్నది నిస్సందేహమని వాతావరణ మార్పును మదింపు వేసే ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం ఐపీసీసీ 2021లో చెప్పింది. ఇంతగా తేలిన విషయం జనం నోళ్లలో ఇంకా ఎందుకు తేలలేదు? తేలకూడదని కోరుకున్నవారు ఉన్నారు కాబట్టి.

‘సందేహమే మన సరుకు’ అని ఒక అమెరికన్ సిగరెట్ కంపెనీ 1969 నాటి అంతర్గత పత్రంలో రాసుకుంది. ఆ సరుకు చమురు రంగానికీ పనికొచ్చింది. ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచి వేసిన అంచనాల్లో ఎక్కువ భాగం నిజమయ్యాయని 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. బయట మాత్రం ఆ కంపెనీ ఏళ్ల తరబడి అనిశ్చితి గురించే మాట్లాడింది. శాస్త్రంలోని అనిశ్చితి సగటు పౌరుడికి ‘అర్థమైన’ రోజే తమకు విజయమని అమెరికా చమురు కంపెనీల సంఘం చొరవతో 1998లో తయారైన ప్రచార ప్రణాళిక రాసుకుంది. ఆ సందేహాన్ని ఇంటింటికీ మోసింది పత్రికలూ టీవీలే.

అవతలి వైపూ తప్పులున్నాయి. భూతాపం పెరుగుదల 1.5 డిగ్రీలు దాటకుండా ఉండాలంటే కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2030 నాటికి 2010తో పోలిస్తే దాదాపు 45 శాతం తగ్గాలని ఐపీసీసీ 2018లో చెబితే, పన్నెండేళ్లలో ప్రపంచం ముగిసిపోతుందన్నట్టు ప్రచారం జరిగింది. భయపెట్టి ఒప్పించాలనుకుంటే, గడువు దాటాక నమ్మకమే పోతుంది.

తేలని ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎవరు, ఎంత, ఎప్పటిలోగా తగ్గించుకోవాలి? ఖర్చు ఎవరు భరించాలి? 2018 నవంబరులో ఫ్రాన్స్‌లో పసుపు జాకెట్లు తొడుక్కుని రోడ్డెక్కినవారిని పర్యావరణ వ్యతిరేకులని చాలామంది తీసిపారేశారు. వారు చెప్పింది వినాల్సింది. సంపన్నుల ఆస్తిపన్నును చాలావరకు ఎత్తేసిన ప్రభుత్వమే, పనికి కారులో వెళ్లక తప్పని పల్లెవాసి డీజిల్‌పై పన్ను పెంచింది. ఉరుము ఉరిమి మంగళం మీద పడినట్టు, కర్బనం తగ్గించే భారం తక్కువ వాడేవారి నెత్తిన పడింది. దేశాల మధ్య జరుగుతున్నదీ ఇదే. ఇప్పటిదాకా గాలిలోకి చేరిన శిలాజ ఇంధనాల కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. వర్ధమాన దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హేగెన్ వాతావరణ సదస్సులో మాటిచ్చాయి. అది నెరవేరింది 2022లో. శిలాజ ఇంధనాల నుంచి వైదొలగాలన్న ఒక్క వాక్యం రాసుకోవడానికి ప్రపంచ దేశాలకు 2023 నాటి దుబాయ్ వాతావరణ సదస్సు దాకా, అంటే 28 సదస్సులు పట్టింది. ఇంతలో బీపీ వంటి చమురు కంపెనీలు ఎవరి కర్బన పాదముద్ర, అంటే ఎవరి వల్ల గాలిలో చేరే కర్బనం, ఎంతో ఎవరికివారు లెక్కించుకోవాలని ప్రకటనలిచ్చాయి. తిలాపాపం తలా పిడికెడు అన్నమాట! బావి తవ్వి చమురు అమ్మినవారి వాటా ఆ లెక్కలో కనబడదు.

ఈ ప్రశ్నల మీద నిజాయతీగా భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు, ఉండాలి కూడా. బొగ్గు గని మూతపడితే కార్మికుడికి మరో పని ఎక్కడ చూపుతారు? పన్ను సొమ్ము తిరిగి ఎవరికి చేరుతుంది? ఉద్గారాలు సున్నాకు తెస్తామని గడువు ప్రకటించిన ప్రభుత్వం ఈ ఏడాది ఎంత తగ్గించింది? వీటిపై గని కార్మికుణ్ణీ, ఆర్థికవేత్తనూ, మంత్రినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. ఆ చర్చకు ఎన్ని పేజీలైనా, ఎన్ని గంటలైనా ఇవ్వవచ్చు. భూమి వేడెక్కుతోందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం ఇక ఒక్క నిమిషం కూడా ఇవ్వకూడదు.