కుక్కర్ అన్నంతో చేస్తే సుషీ కాదట!

వెనిగర్ కలిపిన అన్నంతో చేసే జపాన్ వంటకం సుషీని ఇంట్లో చేసి ఫోటో పెట్టాను. ఇప్పుడే ఒకాయన ఆ ఫోటో కింద వచ్చి జ్ఞానబోధ చేసి వెళ్ళాడు. రైస్ కుక్కర్‌లో వండిన అన్నంతో చేస్తే అది సుషీయే కాదట. మట్టికుండలో వండాలట, చెక్క తొట్టెలో వేసి వెనిగర్ కలపాలట, పక్కన ఎవరో విసనకర్రతో విసురుతూ ఉండాలట. ఎవరో అంటే ఎవరు సార్, మా ఆయనా? నేను టేబుల్ ఫ్యాన్ ముందు పళ్ళెం పెట్టి ఆరబెట్టుకున్నాను, అదే ఈయనకి మింగుడుపడలేదు. ఎవరా అని చూస్తే ఆఫీసు పని మీద ఓసారి ఒసాకా వెళ్ళొచ్చిన బాపతు.

అయ్యా, నేనుండేది టోక్యోలో, నిషి కసాయ్‌లో. మా కుక్కర్ గిన్నె లోపల నీళ్ళకి గీతలుంటాయి. మామూలు అన్నానికి ఒకటి, జావకి ఒకటి, సుషీకి విడిగా ఇంకొకటి. తర్వాత వెనిగర్ పడుతుంది కాబట్టి అన్నం కాస్త బిరుసుగా రావాలని ఆ గీత కొంచెం కిందికి ఉంటుంది. ఆ గీత గీసింది జపాన్ వాళ్ళే, గుంటూరు వాళ్ళు కాదు.

తకికోమి గోహన్‌కి, అంటే ముక్కలన్నీ వేసి బియ్యంతో పాటే వండే అన్నానికి కూడా గీత ఉంది. కడిగిన బియ్యంలో సోయా సాస్, మిరిన్ (వంటకి వాడే తియ్యటి రైస్ వైన్) వేసి, గీత దాకా దాషి (ఎండు చేప, సముద్రపు నాచు లాంటివాటితో కాచే చారు) పోసి, పైన చికెన్, క్యారెట్, పుట్టగొడుగులు పరిచి, కలపకుండా మూత పెట్టాలి, కలిపారో బియ్యం సమంగా ఉడకదు. అడుగున ఎర్రగా పట్టే మాడు కోసం ఇంట్లో కొట్టుకు చస్తారు. ఇది కూడా జపాన్ వంట కాదని చెప్పండి, వింటాను.

ఇంకో ముచ్చట. ఈయన పేజీలో బెల్టు మీద తిరిగే సుషీ ముందు పళ్ళికిలించిన ఫోటో ఉంది. ఆ అన్నం ముద్దల్ని చాలా చోట్ల నొక్కేది మెషీనే మహానుభావా! సుజుమో అనే కంపెనీ 1981లోనే సుషీ రోబో తెచ్చింది. మీరు తింటే సంప్రదాయం, నేను ఇంట్లో మీట నొక్కితే బద్ధకం.

అసలు ఆ కుక్కర్ వెనకున్నదే ఒక ఇల్లాలి చాకిరీ. తోషిబా 1955లో అమ్మకానికి పెట్టిన ఆటోమేటిక్ కుక్కర్‌ని తయారుచేసింది ఓ చిన్న ఫ్యాక్టరీ ఓనరు, మినామి యోషితాదా. కానీ వండి, వేడి చూసి, రాసుకుని, మళ్ళీ వండి చచ్చింది ఆయన భార్య ఫుమికో. అంతకుముందు ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి పొయ్యి దగ్గర కాపలా కాసేవాళ్ళు. కుండ రుచి గురించి మాట్లాడేవాళ్ళలో ఆ పొగ పీల్చినవాళ్ళెందరో?

నిజం చెప్పాలంటే ఈ మంట పాతది. సంక్రాంతికి ఊరెళ్ళి గారెల పిండి మిక్సీలో వేస్తే, విస్తరి ముందు కూర్చుని మా పెదనాన్న "రోటి పిండి రుచే వేరమ్మా" అన్నాడు. అదీ నాలుగో గారె నములుతూ, అల్లుళ్ళందరి ముందూ. జన్మలో పొత్రం ముట్టిన మనిషి కాదు. ఏళ్ళ తరబడి రుబ్బి రుబ్బి భుజం పడిపోయి చెయ్యి పైకెత్తలేని మా పెద్దమ్మ మాత్రం వంటింట్లోంచి "ఇంకో జారు తిప్పవే, పిండి చాలదు" అని కేకేసింది. ఆవిడకి లేని రోటి మీద ప్రేమ ఈయనకెందుకు?

వచ్చే పండక్కి పప్పు నేనే నానబోస్తా. రోలు మాత్రం ఆయన కుర్చీ ముందే వేయిస్తా.