సంగటికి పేరొచ్చింది, చేనుకు కొనేవాడు రాలేదు

అనంతపురం నుంచి బెంగళూరుకు పోయే జాతీయ రహదారి మీద ఇప్పుడు రాయలసీమ పేరు పెట్టుకోని భోజనశాల అరుదు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి, జొన్నరొట్టె, ఉగ్గాని బజ్జి అన్నీ బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. నెల కిందట అలాంటి ఒకచోట సంగటి తిని, చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్లినప్పుడు, వంటగది గోడకు ఆనించి పేర్చిన రాగిపిండి సంచులు చూశాను. వాటి మీద ఉన్నవి కన్నడ అక్షరాలు. ఆ రాగులు పండించిన కర్ణాటక రైతు నాకు పరాయివాడు కాడు, అతని కష్టానికి గిరాకీ దొరికినందుకు సంతోషమే. కానీ మడకశిర, రొళ్ల, గుడిబండ మండలాల్లో రాగి తరతరాల పంట. ఆ పల్లెలున్న సీమలో, ఆ సీమ పేరే పెట్టుకుని నడిచే వంటింటికి రాగిపిండి సరిహద్దు దాటి వస్తున్నదంటే లోపం ఎక్కడుందో మనం వెతుక్కోవాలి. సీమ తిండికి రావలసినంత పేరు వచ్చేసింది. ఇంకా రానిది ఆ తిండికి మూలమైన పంటను ఏటా నికరంగా కొనే చెయ్యి. ఆ చెయ్యి ప్రభుత్వానిదే కావాలని, బడులు, వసతి గృహాలు, అంగన్‌వాడీల వంటగదుల ద్వారానే అది చేనుదాకా చేరాలని నా వాదన.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక, సామ, అనప, అలసంద ఆ కాస్త వానకు తగినట్టు ఒదిగిన పంటలు. తర్వాత వేరుశనగ వచ్చి ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లకు పాకడం, కర్నూలు, కడప నల్లరేగళ్లలో జొన్న, కొర్రల చోటును పప్పుశనగ తీసుకోవడం, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పల్లెపల్లెకూ చేరడం పాఠకులకు తెలిసిన కథే. ఆ బియ్యాన్ని నేను తప్పుపట్టను. 1952 కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన తరానికి ఆ పథకం ఏమిచ్చిందో, ఆకలి ఎరగని మనం కూర్చుని తూచకూడదు. అయితే బియ్యాన్ని ఇంటిదాకా తెచ్చిన ఆ బలమైన చెయ్యి, అదే ఊరి కళ్లంలో ఉన్న కొర్రను, జొన్నను మాత్రం నలభై ఏళ్లుగా పెద్దగా తాకలేదు. ప్రభుత్వం ఒక గింజను కొని, నిల్వచేసి, ఉచితంగా పంచుతూ, పక్క గింజను సంత దయకు వదిలేస్తే, ఏది బతుకుతుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు.

ఈ గింజలకు మనం పెట్టిన పేర్లు చూడండి. సర్కారు కాగితాల్లో ఇవి చాలాకాలం ముతక ధాన్యాలు. పుస్తక భాషలో తృణధాన్యాలు. తృణమంటే గడ్డిపోచ, తృణప్రాయమంటే లెక్కలోకి రానిది అని తెలిసిన జాతి నోట ఆ మాట ఎంత గౌరవంతో పలుకుతుందో ఊహించవచ్చు. 2018లో కేంద్రం వీటిని పోషక ధాన్యాలు అన్నది. కన్నడ సీమ నుంచి సిరిధాన్యాలు అనే అందమైన మాట మనకు వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, ఆ ఏడే మన దేశంలో వీటికి శ్రీఅన్నమనే పేరు కూడా వచ్చింది. ఇన్ని పేర్లు మారినా, 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధరల జాబితా తీస్తే, రాగికి క్వింటాలుకు 4,886 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699, సజ్జకు 2,775 అని ఉంటుంది. కొర్ర ఉండదు. సామ ఉండదు. ఆరిక ఉండదు. సీమ ఎర్రనేలల అసలు పంటలకు ఆ జాబితాలో గది లేదు. ధర ఉన్న రాగి, జొన్నలకైనా ధర ప్రకటించడం వేరు, కాటా పెట్టి కొనడం వేరు అన్న సంగతి ఏ రైతును అడిగినా చెబుతాడు.

పేరు తెచ్చినవారి మీద నాకు గౌరవం ఉంది. ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ గారు ఈ గింజల కోసం ఊరూరా తిరిగి మాట్లాడారు, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మాట విని కొర్రన్నం వైపు తిరిగిన కుటుంబాలు అనంతపురంలో, కర్నూలులో నాకే చాలా తెలుసు. కానీ చక్కెర జబ్బు ఉన్నవాడు వైద్యం కోసం తినే గింజగా మాత్రమే కొర్ర నిలబడిపోతే ఒక ప్రమాదం ఉంది. మందు కొనగలిగినవాడే కొంటాడు. పట్టణ దుకాణాల్లో ప్యాకెట్టు కొర్రబియ్యం ధర మేలైన సన్నబియ్యం ధరను దాటిపోయింది. ఆ గింజ పండించే పల్లె కూలి రేషన్ బియ్యం తింటున్నాడు, పండించని ఊరి ఉద్యోగి కొర్రన్నం తింటున్నాడు. తిండి ఇలా తలకిందులు కావడాన్ని సీమ రుచుల పునరుజ్జీవనం అనడానికి నాకు మనసొప్పదు.

సరిహద్దుకు అవతల ఏం జరుగుతున్నదో చూస్తే మనకు దారి దొరుకుతుంది. పావగడ తాలూకా మూడు వైపులా మన మండలాలే ఉంటాయి, నేల అదే, వాన అదే, మాటలో సగం తెలుగే. కాని అది కర్ణాటకలో ఉంది కాబట్టి అక్కడి రాష్ట్ర ప్రభుత్వం మద్దతు ధరకు రాగి కొంటుంది, కొన్న రాగిని దక్షిణ జిల్లాల రేషన్ దుకాణాల్లో ఇస్తుంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, గిరిజన రైతుల నుంచి రాగి కొని, కొన్ని జిల్లాల అంగన్‌వాడీల్లో పిల్లలకు రాగి లడ్డూలు పెట్టింది. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కరలేదు. 2013 ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు ఈ ధాన్యాలను కిలో రూపాయికి ఇచ్చే వీలును మొదటి రోజు నుంచే కల్పించింది. మన దగ్గర కూడా ప్రయత్నాలు లేవనను. 2023 మార్చి నుంచి బడుల్లో రాగిజావ పోశారు, రాయలసీమలో కొంత బియ్యానికి బదులుగా రాగులు, జొన్నలు ఇచ్చే ఏర్పాటూ చేశారు. అయితే గ్లాసులో పోసే జావ, పండించే రైతుకు వచ్చే ఏడు కూడా కొంటామన్న హామీగా మారినప్పుడే దానికి బలం వస్తుంది.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది తేలికైనది కాదు. పేదవాడు వరన్నం కోసం తరతరాలు ఎదురు చూశాడు, అది చేతికందాక మళ్లీ సంగటి తినమని చదువుకున్నవాళ్లు చెప్పడం అన్యాయమని, అసలు ఆ గింజల్ని వదిలించుకున్నది ఆడవాళ్లేనని అంటారు. రెండో మాట పూర్తిగా నిజం. మా జేజి, అంటే నాయనమ్మ, కోడి కూయకముందే రోకలి పట్టేది. కొర్ర పొట్టు మొండిది. దంచి, చెరిగి, మళ్లీ దంచి, రాళ్లు ఏరితే గాని పొయ్యి మీదికి రాదు. ఆమె అరిచేతుల్లో కాసిన కాయలు నేను ముట్టుకుని పెరిగాను. కాబట్టి ఎవరి చేతికీ మళ్లీ రోకలి ఇమ్మని నేను అడగడం లేదు. రాగికి, జొన్నకు పిండి మర చాలు గనుక అవి ఎలాగో మిగిలాయి. కొర్రకు, సామకు, ఆరికకు పొట్టు తీసే మిషను కావాలి, అది ఊరి దగ్గర లేదు గనుక అవి పోయాయి. వరి కోసం మిల్లులు కట్టుకున్న సమాజం కొర్ర కోసం మహిళల భుజాలనే నమ్ముకుని, అవి అలసిపోయాక ప్రజలకు ఆ తిండి ఇష్టం లేదని తీర్మానించింది.

ఇక నా లెక్క చెబుతాను. వందమంది పిల్లలున్న ఒక ప్రభుత్వ వసతి గృహం వారానికి రెండు పూటలు కొర్రన్నం వండిందనుకుందాం. పూటకు ఒక్కొక్కరికి 100 గ్రాముల కొర్రబియ్యం చొప్పున వారానికి 20 కిలోలు, బడి నడిచే 40 వారాలకు 800 కిలోలు. పొట్టు, నూక పోగా అంత బియ్యం రావాలంటే సుమారు 12 క్వింటాళ్ల కొర్రలు కావాలి. వర్షాధారంగా ఎకరాకు నాలుగైదు క్వింటాళ్లు పండే ఎర్రనేలలో అది దాదాపు మూడెకరాల పంట. ఒక్క వసతి గృహం వారంలో రెండు పూటలు వండితే మూడెకరాల మెట్ట చేనుకు ఏడాదంతా కొనేవాడు దొరికినట్టే. ఆ మండలంలోని మిగతా వసతి గృహాలను, గురుకులాలను, కస్తూర్బా విద్యాలయాన్ని, ప్రతి బడి మధ్యాహ్న భోజనాన్ని, ప్రతి అంగన్‌వాడీని కలుపుకోండి. అప్పుడు అది ఒక ఊరి పంట అవుతుంది. అంత గింజ నికరంగా వస్తుందని తెలిస్తే మండలానికి ఒక పొట్టు తీసే మిషను, రాళ్లు వేరుచేసే జల్లెడ యంత్రం పెట్టడానికి పొదుపు సంఘాల మహిళలు ముందుకు వస్తారు, బ్యాంకు కూడా అప్పు ఇవ్వడానికి వెనకాడదు. గిరాకీ లేకుండా మిషను పెట్టమంటే అది తుప్పు పడుతుంది. మన ఊళ్లలో అలా తుప్పు పట్టినవి నేను చూశాను.

విత్తనం లేదనే సాకు కూడా నిలవదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది వంటి కొర్ర రకాలను ఏనాడో ఇచ్చింది, అది సుమారు 75 రోజుల్లో చేతికి వస్తుంది. వాన నెల ఆలస్యమై వేరుశనగ అదను దాటిపోయిన ఏడు కూడా కొర్ర వేసుకోవచ్చు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, 2008లో రైతులే యజమానులుగా ఏర్పడిన ధరణి సహకార సంఘం ఈ నేల మీద ఈ పంటలు పండించి, శుద్ధిచేసి అమ్మవచ్చని చేసి చూపించాయి. కాని ఒక సహకార సంఘం నగర వినియోగదారుడిని వెతుక్కుంటూ సాగించే ప్రయాణం, రాయలసీమ మెట్ట రైతులందరికీ దారి కాలేదు. అది ప్రభుత్వం చేయవలసిన పనికి నమూనా మాత్రమే. ఏటా ఖరీఫ్ ముందు సబ్సిడీ మీద వేరుశనగ విత్తనం పంచడానికి ఇన్నేళ్లుగా చూపుతున్న పట్టుదలలో పదో వంతు కొర్ర కొనుగోలు మీద చూపి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు.

నూనె సంగతి కూడా ఈ మాటలోనే చెప్పాలి. బుడ్డలు, అంటే వేరుశనగ, పండే దేశమని పేరున్న మా జిల్లాలో చాలా ఇళ్లలో పొయ్యి మీద కాగేది పామాయిల్ పొట్లం. గానుగలు ఆగిపోయాయి, కొన్ని పట్టణాల్లో తిరిగి మొదలైనవి ధర వల్ల మధ్యతరగతి దాకానే వెళ్తున్నాయి. పంటంతా బయటికి పంపి, తిండంతా బయటినుంచి తెచ్చుకునే జిల్లాకు వాన పడిన ఏడు ధర ఉండదు, పడని ఏడు పంట ఉండదు.

నన్ను ఎప్పటినుంచో వేధిస్తున్న విషయం ఇక్కడికే వచ్చి కలుస్తుంది. కూడు అనేది మన పాత మాట, వండిన ఏ తిండికైనా చెల్లిన మాట. సీమ పల్లెల్లో కొర్రకూడు, జొన్నకూడు అని ఈనాటికీ అంటారు. బడి భాషలో మాత్రం కూడు మోటుమాట అయిపోయింది, అన్నం మర్యాద అయింది. పప్పన్నం ఎప్పుడు పెడతావని అడిగితే పెళ్లెప్పుడని అర్థం, సంగటి ఎప్పుడు పెడతావని ఎవరూ అడగరు. నేను చదువుకునే రోజుల్లో క్యారియర్‌లో సంగటి ముద్ద ఉన్నవాడు గోడవైపు తిరిగి తినేవాడు. నేనూ అలా తిరిగి తిన్నాను. తెలుగువారి భోజనమంటే అరిటాకులో తెల్లటి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ అని కాలువల కింద వరి పండే సీమల పళ్లెం ఒకటే అందరి పళ్లెంగా పాఠాల్లోకి, పండుగ చిత్రాల్లోకి ఎక్కింది. మెట్ట నేల తిండి పేదరికానికి గుర్తుగా మిగిలింది. నేల తిండిని చిన్నచూపు చూసిన చూపే ఆ నేలను కూడా చూసింది. 550 మిల్లీమీటర్ల వానలో నిండుగా పండే గింజ మన దగ్గర ఉండగా, ఆ వానకు చాలని పంటలు వేయించి, ఎండిపోయాక కరువు సీమ అని పేరు పెట్టి, పరిహారం కోసం వరుసలో నిలబెట్టారు. వాన తక్కువన్నది ప్రకృతి ఇచ్చింది. ఆ వానకు సరిపోయే బతుకును తక్కువ బతుకుగా చేసింది మాత్రం విధానాలే.

అందుకే వసతి గృహం పళ్లెంలో కొర్రన్నం, పక్కన చెనిగ్గింజల (వేరుశనగ గింజల) చట్నీ, అలసంద గుగ్గిళ్లు ఉండాలని నేను అడిగేటప్పుడు పోషకాహార పట్టిక ఒక్కటే నా మనసులో ఉండదు. రాగిలో బియ్యం కంటే సున్నం (కాల్షియం) ఎన్నో రెట్లు ఎక్కువని పిల్లవాడికి పాఠం చెప్పవచ్చు. దానికంటే, తన తండ్రి చేలో పండిన గింజను వందమంది తోటి పిల్లలు వరుసగా కూర్చుని తింటుండగా చూడటం ఆ పిల్లవాడికి ఎక్కువ చెబుతుంది.

కొర్ర విత్తే మామూలు అదను జూన్, జూలై నెలలు. వంటపట్టిక మారాలన్నా, కొనుగోలు ధర తేలాలన్నా, మిషన్లు బిగించాలన్నా అంతకు ముందే జరగాలి. పంట కళ్లానికి వచ్చాక చేసే ప్రకటన దళారికి పనికివస్తుంది, రైతుకు పనికిరాదు. మండలంలోని బడులు, వసతి గృహాలకు ఎన్ని క్వింటాళ్లు కావాలి, ఏ ధరకు కొంటారు అన్న రెండు అంకెలు ఏరువాక పున్నమి నాటికి రైతు సేవా కేంద్రం గోడ మీద రాసి ఉంటే, ఈసారి గొర్రులో ఏ గింజ పోయాలో మా కళ్యాణదుర్గం వైపు రైతు తానే తేల్చుకుంటాడు.