చిక్కుడు పక్కన బంతి వేస్తే లాభం ఎవరికి, మనకా పురుగుకా

పోయిన కార్తీకంలో మా మేడ మీద చిక్కుడు పాదుకి పేనుబంక పట్టింది, మొక్క రసం పీల్చే సన్న పురుగు. లేత చిగురు నుంచి పూత గుత్తి దాకా కాటుక రాసినట్టు నల్లగా, మధ్యలో చీమలు పైకీ కిందకీ ఒకటే తిరగడం. అక్కడక్కడా ఇంకో రకం పురుగు కూడా కనిపించింది, పొడుగ్గా నల్లగా వీపు మీద నారింజ మచ్చలతో, చీమంత మొసలి ఉంటే ఎలా ఉంటుందో అలా. ఇదే అసలు దొంగ అనుకుని దాన్నే ముందు ఏరి ఏరి నలిపేశా, ఓ ఇరవై దాకా ఉంటాయి. సాయంత్రం ఫొటో పంపితే ప్రత్తిపాడు దగ్గర మిరప వేసే మా బాబాయ్ ఫోన్ చేసి ఒకటే నవ్వు. “ఒరే అబ్బాయ్, అవి అక్షింతల పురుగు పిల్లల్రా, పేనుబంకని తినేవి అవే. కాపలా కుక్కని కొట్టి దొంగకి తలుపు తీశావ్” అన్నాడు. ఎర్రగా గుండ్రంగా మచ్చలతో ఉండే అక్షింతల పురుగు అందరికీ తెలుసు, దాని పిల్ల మొహం మాత్రం నాలాంటోళ్ళు ఎవరూ చూసుండరు.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ పాదు పక్కన నేను బంతి మొక్కలు కూడా పెట్టా, తోడు మొక్కలు పెడితే పురుగు రాదని ఎవరో చెప్తే నమ్మి. విజయవాడలో మిద్దెతోటలు పెరిగాక ఈ తోడు మొక్కల లిస్టులు బాగా తిరుగుతున్నాయి, బీన్స్‌కి మొక్కజొన్న, గుమ్మడి స్నేహితులంట, ఉల్లి, వెల్లుల్లి శత్రువులంట, ఇట్లా జాతకాలు కలిపినట్టు కలుపుతారు. మరి పురుగు సంగతి అందులో ఎక్కడా ఉండదు. ఏ పురుగు, ఎప్పుడొస్తుంది, మొక్కని ఎలా వెతుక్కుంటుంది, ఇవి తెలియకుండా ఏ మొక్క పక్కన ఏ మొక్క పెట్టినా లాటరీ టికెట్ కొన్నట్టే అని నా అభిప్రాయం.

ముందు అసలు ఆ లిస్టుల్లో ఉన్న బీన్స్ మన బీన్స్ కాదు. అది ఫ్రెంచ్ బీన్స్, శాస్త్రం పేరు ఫాసియోలస్ వల్గారిస్, రాజ్మా కూడా అదే జాతి, కాయగా కోస్తే బీన్స్, గింజ ఎండనిస్తే రాజ్మా. పుట్టిల్లు మెక్సికో వైపు, ఆండీస్ కొండల వైపు. దానికి చల్లదనం కావాలి, ఎండ 30 డిగ్రీలు దాటి ముదిరితే పూత రాలిపోతుంది. అందుకే పటమట రైతుబజారులో మనం కొనే బీన్స్ మదనపల్లె నుంచో కర్ణాటక వైపు నుంచో వస్తాయి, రాజ్మా అయితే మన చింతపల్లి, అరకు కొండల మీద గిరిజన రైతులు పండిస్తారు. గుంటూరు నల్లరేగడిలో, కృష్ణా డెల్టాలో ఉండేవి దాని చుట్టాలు, చిక్కుడు, అలసంద, మినుము, పెసర, గోరుచిక్కుడు. చుట్టాలే గానీ ఒక్కోదాని అలవాట్లు వేరు, వాటి మీదకొచ్చే పురుగులు వేరు, కాబట్టి అక్కడి సలహా ఇక్కడికి మోసుకొచ్చేటప్పుడు కాస్త ఆగాలి.

మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళ కథ మీరూ వినే ఉంటారు. మెక్సికోలో వేల ఏళ్ళుగా ఇట్లా కలిపి వేస్తున్నారు, మొక్కజొన్న కర్ర మీదకి బీన్స్ తీగ ఎక్కుతుంది, గుమ్మడి ఆకులు నేలని కప్పి కలుపు రాకుండా చూస్తాయి, బీన్స్ వేర్లు నత్రజని ఇస్తాయి. మొదటి రెండూ ఓకే. మూడోది మాత్రం సగం నిజం. పప్పు జాతుల్లో నత్రజని పట్టడంలో బాగా వెనకబడ్డ మొక్క ఏదైనా ఉందంటే ఇదే, మన దేశంలో రాజ్మాకి మన నేలల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియాతో వేరు బుడిపెలు సరిగ్గా పడవు, అందుకని హెక్టారుకి 90 నుంచి 120 కిలోల నత్రజని వెయ్యమని సిఫార్సు చేస్తారు. అంటే దానం చేస్తుందని మనం తెచ్చుకున్న మొక్క యూరియా బస్తా అడుగుతుంది. పైగా ఏ పప్పు మొక్క అయినా బతికున్నప్పుడు పక్కోడికి పెట్టేది తక్కువే, వేరూ ఆకూ కుళ్ళాక నేలకి చేరేదే ఎక్కువ.

పురుగుల విషయానికి వస్తే కథ ఇంకా బాగుంటుంది. 1970ల్లో కొలంబియాలో మిగ్వెల్ ఆల్టియేరి అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు బీన్స్, మొక్కజొన్న కలిపి వేసి పురుగుల్ని లెక్కపెట్టారు. మొక్కజొన్నని మూడు నాలుగు వారాలు ముందు వేసి తర్వాత బీన్స్ వేస్తే బీన్స్ మీద రసం పీల్చే పచ్చదోమ బాగా తగ్గింది. అదే తిరగేసి బీన్స్ ముందు, మొక్కజొన్న తర్వాత వేస్తే మొక్కజొన్న మీద కత్తెర పురుగు తగ్గింది. పంటలు అవే, పొలం అదే, ఎవరు ముందు మొలిచారన్న దాన్ని బట్టి లాభం చేతులు మారింది! ఏ లిస్టులోనూ ఈ ముక్క ఉండదు, “బీన్స్ ప్లస్ మొక్కజొన్న మంచిది” అని మాత్రం ఉంటుంది. కత్తెర పురుగు 2018లో మన దేశంలోకి దిగిన సంగతి మొక్కజొన్న వేసే ఏ రైతునడిగినా చెప్తాడు కాబట్టి ఇది మనకి పనికిరాని పాత కబురేం కాదు.

ఎందుకు తగ్గుతుంది అంటే రెండు కారణాలు చెప్తారు. 1973లో రిచర్డ్ రూట్ అనే ఆయన ఈ రెండింటినీ విడదీసి చూపించాడు. ఒకటి, ఒకే పంట మైళ్ళ కొద్దీ ఉంటే ఆ పంటనే తినే పురుగుకి అది కల్యాణమండపంలో విందు లాంటిది, దారి తప్పే పని లేదు, లేచిపోయే పని అంతకన్నా లేదు. మధ్యలో వేరే మొక్కలుంటే వాసన కలిసిపోయి, కనపడ్డం తగ్గి, వాలినా సరైన మొక్క కాక మళ్ళీ ఎగిరి అలిసిపోతుంది. రెండోది, రకరకాల మొక్కలుంటే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్ళు, వేరే పురుగుల మీద గుడ్లు పెట్టి వాటిని చంపే బదనిక పురుగులు లాంటి మేలు చేసేవాటికి తేనె, పుప్పొడి, దాక్కునే చోటు దొరుకుతాయి. 1991లో డేవిడ్ ఆండో అప్పటిదాకా వచ్చిన 209 అధ్యయనాల్ని ఒకచోట పెట్టి చూస్తే 287 రకాల పురుగుల్లో 52 శాతం మిశ్రమ పంటల్లో తగ్గాయి. 15 శాతం పెరిగాయి. ఆ 52ని అందరూ చెప్తారు, 15ని మింగేస్తారు. నాకు మాత్రం ఆ 15 శాతమే గుంటూరు జిల్లా లాగా కనిపిస్తుంది.

ఎందుకంటే పెరిగేవి ఎక్కువగా అన్నీ తినే పురుగులు. మన దగ్గర రైతుని ముంచేవి అవే కదా, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, తెల్లదోమ, తామర పురుగులు, వీటిలో ఏదీ ఒక పంటకి కట్టుబడి ఉండే పతివ్రత కాదు. మరుకా మచ్చల పురుగునే తీసుకోండి, చిక్కుడు, అలసంద, పెసర, మినుము, కంది అన్నిట్లోనూ పూతని గూడులాగా అల్లుకుని లోపల కూర్చుని తింటుంది, బయట కొట్టిన మందు దానికి సరిగ్గా తగలదు. పప్పు జాతులన్నీ నేలకి మంచివి కదా అని కంది సాళ్ళ మధ్య అలసంద, గట్టు మీద చిక్కుడు వేశామనుకోండి, ఒకదాని పూత అయిపోయేసరికి ఇంకోదాని పూత రెడీ, మరుకాకి నెలల తరబడి బంతి భోజనం. మినుములో ఆకుని పసుపు పచ్చగా మార్చే పల్లాకు తెగులు మోసుకొచ్చే తెల్లదోమకి చిక్కుడు కూడా విందే. అదే మినుము చేను చుట్టూ జొన్నో మొక్కజొన్నో నాలుగు సాళ్ళు దగ్గర దగ్గరగా వేస్తే ఎగిరొచ్చే తెల్లదోమకి అడ్డుగోడ అవుతుంది, మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెప్తున్నదే. అక్కడ జొన్న స్నేహితురాలు కాదు, గోడ అంతే. ఎత్తు పెరగకముందే తెల్లదోమ వస్తే గోడ లేనట్టే.

బీన్స్ మొక్క కూడా ఊరికే కూర్చుని తినిపించుకునే రకం కాదండోయ్. ఫ్రెంచ్ బీన్స్ ఆకు చొక్కాకి ఆనిస్తే అతుక్కుంటుంది, ఎప్పుడైనా చూశారా, ఆకు అడుగున కంటికి కనపడని కొక్కేల్లాంటి నూగు ఉంటుంది. పచ్చదోమ పిల్లల కాళ్ళు, పొట్టలు ఆ కొక్కేల్లో గుచ్చుకుని అక్కడే చస్తాయి. బాల్కన్ దేశాల్లో పూర్వం రాత్రిపూట మంచం చుట్టూ ఈ ఆకులు పరిచి పొద్దున్నే నల్లులు చిక్కిన ఆకుల్ని కాల్చేసేవాళ్ళంట, 1943లో అమెరికాలో దీని మీద పేపర్ వచ్చింది, 2013లో మళ్ళీ మైక్రోస్కోప్ కింద చూస్తే నల్లి కాళ్ళలోకి ఆ కొక్కేలు దిగబడి ఉన్నాయి. (పాత బెజవాడ సినిమా హాళ్ళలో నేల టికెట్ కొన్న తరం వాళ్ళకి ఈ ఆకు విలువ నేను చెప్పక్కర్లేదు.) కాకపోతే కొక్కేనికి మంచీ చెడూ తెలియదు, సన్నపాటి మేలు చేసే పురుగులు కూడా అందులో ఇరుక్కుంటాయి.

ఇంకోటి, దాని చుట్టం లైమా బీన్స్. ఎర్రనల్లి (మంచం నల్లి కాదు, ఆకు మీద ఉండే సన్న పురుగు) ఆకు గీకడం మొదలుపెట్టగానే ఆ మొక్క ఒక రకం వాసన వదుల్తుంది, ఆ వాసనకి ఎర్రనల్లిని తినే ఇంకో నల్లి వెతుక్కుంటూ వస్తుందని 1980ల్లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపించారు. అలసంద అయితే పూత కాడల దగ్గర తేనె కార్చి చీమల్ని పిలుస్తుంది, కాపలాకి జీతం అన్నమాట. అదే చీమ పక్క కొమ్మ మీద పేనుబంక వదిలే తీపి కోసం దాన్ని పశువుల్ని కాసినట్టు కాస్తూ అక్షింతల పురుగుల్ని తరిమేస్తుంది. మా మేడ మీద ఆ రోజు చీమలు చేస్తున్నది ఇదే, నేను వాటికి కూలి లేకుండా సాయం చేశా.

మరి బంతి? బంతి వేర్లలో ఉండే పదార్థం నేలలో నులిపురుగుల్ని దెబ్బతీస్తుంది, అది నిజం, కానీ వరసగా చాలా మొక్కలు కొన్ని నెలలు ఉండాలి, రెండు కుండీలు సరిపోవు. బంతి మొగ్గ మీద శనగపచ్చ పురుగు గుడ్లు పెడుతుంది కాబట్టి టమాటాలో, పత్తిలో ఎర పంటగా వేస్తారు, అదీ నిజం. ఎర అంటే అర్థం పురుగుని పిలవడం! పేనుబంక మీద నా బంతి ఏం చేసిందంటే, ఏం చెయ్యలా, దండకి పనికొచ్చింది. ఇక 2021లో గుంటూరు మిరపని ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూలల్లోనే కాపురం ఉండే రకం, రకరకాల మొక్కల మీద బతుకుతుంది, దాని ముందు “పూల మొక్కలు నాటండి, అంతా సర్దుకుంటుంది” అనే సలహా ఎంతవరకు నిలుస్తుందో మిరప రైతునే అడగాలి.

అంతమాత్రాన కలిపి వెయ్యడం దండగ అనట్లేదు నేను. 2016 నుంచి మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పేరుతో నవధాన్యాలు చల్లించడం, గట్ల మీద కంది, ఆముదం, బంతి పెట్టించడం నడుస్తూనే ఉంది, దీన్ని నడిపించే రైతు సాధికార సంస్థ ఆఫీసు కూడా గుంటూరులోనే. దిశ మంచిదే. కానీ ఎన్ని రకాలు వేశారు అని లెక్కపెట్టినంత శ్రద్ధగా, వేశాక వారానికి ఎన్నిసార్లు చేలోకి దిగి ఆకు తిప్పి చూశారు అని ఎవరూ లెక్కపెట్టరు, ఎందుకంటే రకాలు ఫొటోలో పడతాయి, ఆకు తిప్పడం పడదు. రైతుకి చేలోనే పాఠం చెప్పే పొలంబడుల్లో నేర్పింది ఈ చూపునే, ఏది మిత్ర పురుగు ఏది శత్రు పురుగు అని రైతు చేత బొమ్మలు గీయించి మరీ. నన్నడిగితే విత్తనాల కిట్ కన్నా ఆ చూపుకే ఎక్కువ ఖర్చు పెట్టాలి. ఇంకో ఇబ్బంది పక్క చేను. మీరు అక్షింతల పురుగుల్ని ఎంత అపురూపంగా సాకినా, గట్టు అవతల మిరపలో వారానికి రెండు మందులు కొడుతుంటే ఆ పురుగులు మీ గట్టు చూసి ఆగవు. ఒక్క ఎకరంలో చేసే తోడు పంట ఒక్క ఎకరంలో ఉండిపోదు, కనీసం నాలుగు చేల వాళ్ళు కలిస్తేనే ఏదో ఒక ఫలితం.

కూలీ సంగతి అయితే ఎవరూ మాట్లాడరు. మిరపలో ఆముదం ఎర పంట అంటే మా వైపు పాత మాటే, పొగాకు లద్దె పురుగు తల్లికి ఆముదం వెడల్పాకు అంటే ప్రాణం, ఆకు మీద కుప్పగా గుడ్లు పెట్టి పైన గోధుమరంగు నూగు కప్పుతుంది, పిల్లలు పుట్టి గుంపుగా గీకితే ఆకు జల్లెడలాగా అయిపోతుంది. ఆ గుడ్ల ఆకునీ జల్లెడాకునీ అప్పటికప్పుడు తెంపి నాశనం చెయ్యాలి. తెంపకపోతే ఎర పంట కాస్తా పురిటి ఆసుపత్రి అయ్యి అక్కణ్ణించి పిల్లలన్నీ మిరప మీదకి దిగుతాయి. తెంపేదెవరు? మిరప కోతలకే మనుషులు దొరక్క పక్క జిల్లాల నుంచి ఆటోల్లో తెచ్చుకునే రోజుల్లో ఆకు తెంపడానికి ఎవరొస్తారు, అందుకే చాలా మంది ఆముదం వేసి ఊరుకుంటారు, తర్వాత “పని చెయ్యలేదండీ” అంటారు.

మా బాబాయ్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆదివారాలు ఊళ్ళో పిల్లల్ని గట్ల మీదకి పంపి, గుడ్లున్న ఆముదం ఆకు తెచ్చినోడికి ఆకుకి రెండు రూపాయలు అన్నాడు. మొదటి వారం బాగానే జరిగింది. రెండో వారం ఒకడు ఒక్క ఆకునే మూడు ముక్కలు చేసి ఆరు రూపాయలు పట్టుకుపోయాడంట, ఇప్పుడు తొడిమతో సహా తెస్తేనే లెక్క.