‘డిజిటల్ స్థానికులు, వలసదారులు’: భాషా ఉపాధ్యాయుల విషయంలో ఈ విభజన ఎందుకు నిలవదు

ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లోనూ విద్య గురించిన ప్రసంగాల్లోనూ ఒక వాదన ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. నేటి విద్యార్థులు డిజిటల్ లోకంలోనే పుట్టి పెరిగారు కాబట్టి వారు ఆ లోకపు స్థానికులని, ఉపాధ్యాయులు, ముఖ్యంగా నడివయసు దాటినవారు, అక్కడికి ఆలస్యంగా చేరిన వలసదారులని దాని సారాంశం. వలస వచ్చినవారి మాటలో పాత యాస మిగిలిపోయినట్టే ఉపాధ్యాయుల చేతిలో సాంకేతికత ఎన్నటికీ సహజంగా ఒదగదని, అందువల్ల భాషా తరగతిలో వారు నాలుగు మీటలు నొక్కడం నేర్చుకుని, విద్యార్థులను యాప్‌లకు అప్పగించి పక్కకు తప్పుకోవడమే మేలని ఈ వాదన ముగుస్తుంది. ఇందులో నాలుగు వేర్వేరు మాటలు కలగలిసి ఉన్నాయి: విద్యార్థులకు సాంకేతికత పుట్టుకతో వస్తుందనేది ఒకటి, ఉపాధ్యాయులకు వయసే అడ్డు అనేది రెండవది, నేర్చుకోవలసింది పరికరాల వాడకం మాత్రమే అనేది మూడవది, పరికరం ఉంటే భాష దానంతటదే వస్తుందనేది నాలుగవది. చాలాకాలం సుద్దముక్కతోనే భాష బోధించి, ఆ తరువాత బోధనలో సాంకేతికతను నేర్చుకున్న వ్యక్తిగా, ఈ నాలుగింటికీ విడివిడిగా సమాధానం చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటి మాట ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. ‘డిజిటల్ స్థానికులు, డిజిటల్ వలసదారులు’ అనే విభజనను 2001లో అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్స్‌కీ ఒక వ్యాసంలో ప్రచారంలోకి తెచ్చారు. యాస పోలిక కూడా ఆయనదే. అది ఆలోచన రేకెత్తించడానికి రాసిన వ్యాసమే గాని, వేలమంది విద్యార్థులను పరీక్షించి తేల్చిన ఫలితం కాదు. 2008లో స్యూ బెనెట్, కార్ల్ మేటన్, లీసా కెర్విన్ అనే పరిశోధకులు అప్పటివరకు అందుబాటులో ఉన్న ఆధారాలను సమీక్షించి, ఒక తరానికీ మరో తరానికీ మధ్య ఎంత తేడా ఉందో ఒకే తరం లోపల కూడా అంత తేడా ఉందని చూపించారు. 2009 నాటికి ప్రెన్స్‌కీ స్వయంగా ఆ విభజనకు ప్రాధాన్యం తగ్గుతోందని చెప్పి, ‘డిజిటల్ వివేకం’ అనే మరో భావన వైపు మళ్లారు. రచయితే దాటి వచ్చిన మాటను మనం ఇంకా సిద్ధాంతంగా పట్టుకుని ఉండడం నాకు బాధ కలిగించే విషయం.

ఇంతకంటే బలమైన ఆధారం అంతర్జాతీయ పరీక్షల్లో ఉంది. ఎనిమిదో తరగతి విద్యార్థుల కంప్యూటర్, సమాచార అక్షరాస్యతను కొలిచే ఐసీఐఎల్‌ఎస్ అధ్యయనం 2013లోనూ 2018లోనూ వేర్వేరు దేశాల్లో జరిగింది. దొరికిన సమాచారంలో ఏది నమ్మదగినదో, ఏది అవసరమైనదో స్వతంత్రంగా నిర్ణయించుకోగల అత్యున్నత స్థాయికి చేరిన విద్యార్థులు రెండుసార్లూ సగటున 2 శాతం మాత్రమే. పరికరాల మధ్య పెరిగినంత మాత్రాన ఉన్నత స్థాయి నైపుణ్యం రాదని 2018 అధ్యయనం స్పష్టంగానే చెప్పింది.

భాషా తరగతిలో ఇది ప్రతిరోజూ కనిపించే సంగతి. నా విద్యార్థులు ఒక వీడియోను కత్తిరించి, సంగీతం జోడించి, నేను సూచన చదవడం పూర్తయ్యేలోపే పంపగలరు. ఆ వేగాన్ని నేను గౌరవిస్తాను. అయితే అదే విద్యార్థి ఆన్‌లైన్ నిఘంటువు తెరిచినప్పుడు ఒక పదానికి ఉన్న ఏడెనిమిది అర్థాల్లో మొదటిదాన్నే తీసుకుని వాక్యంలో పెడతాడు. అది నామవాచకమా, క్రియా అని చూడడు. కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదవడు. యంత్రానువాదం ఇచ్చిన పేరాలో మర్యాద స్థాయి మధ్యలో మారిపోయినా, పెద్దలకు రాసిన ఉత్తరంలో చనువు మాట దొర్లినా గుర్తించడు. అతనికి పరికరం తెలుసు. ఆ పరికరాన్ని భాష కోసం ఎలా ప్రశ్నించాలో మాత్రం తెలియదు, అది ఎవరో ఒకరు నేర్పితే తప్ప రాదు.

రెండవ మాట వయసు గురించినది. కొత్త పరికరం ముందు ఉపాధ్యాయులు తడబడడం నిజమే, అందులో దాచవలసినది ఏమీ లేదు. కాని దానికి కారణం వయసే అనడానికి ఆధారం కావాలి. 2003లో స్టీఫెన్ బాక్స్ అనే భాషా విద్యావేత్త సాంకేతికత తరగతిలో ఎలా స్థిరపడుతుందో దశలుగా వివరించారు. మొదట కొద్దిమంది ఉత్సాహవంతులు వాడతారు, మిగిలినవారు అనుమానంగా చూస్తారు. తరువాత ఒకసారి ప్రయత్నించి, ఆటంకాలు రాగానే వదిలేస్తారు. మరొకరు తమకు పనిచేసిందని చెబితే మళ్లీ ప్రయత్నిస్తారు. కొంతకాలం భయమూ అతిగా ఆశపడడమూ పక్కపక్కనే సాగుతాయి. చివరకు ఆ పరికరం పుస్తకం, కలం లాగా ఎవరూ ప్రత్యేకంగా గమనించని వస్తువు అవుతుంది. ఈ వివరణలో ముసలి, పడుచు అనే గీత ఎక్కడా లేదు.

నాకు తెలిసిన ఉపాధ్యాయుల్లో సాంకేతికతను వదిలేసినవారంతా ఆ ‘ఒకసారి ప్రయత్నం’ దగ్గరే ఆగిపోయారు, వారిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకులూ ఉన్నారు. ఉపాధ్యాయుల ప్రయత్నానికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంట్లో కూర్చుని కొత్త యాప్ నేర్చుకునేవారికి అది పనిచేయకపోతే పోయేది కాస్త సమయం, కాని తరగతిలో పనిచేయకపోతే ఒక పాఠమే పోతుంది, అంతమంది కళ్లముందు పోతుంది. ఆ తరువాత ఎవరూ లేని గదిలో నిదానంగా మరోసారి చేసి చూడడానికి వ్యవధి ఉండాలి, అదే భాషను బోధించే సహోద్యోగి ఒకరు పక్కన ఉండాలి. ఈ రెండూ దొరికినవారు ఏ వయసులోనైనా నేర్చుకున్నారు, నేనూ అలాగే నేర్చుకున్నాను.

మూడవ మాట గురించి ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. శిక్షణ అంటే ఏ మీట ఎక్కడుందో చూపించడం అనుకునేవారు భాషా బోధనలో నేర్చుకోవలసింది ఎంత ఉందో ఊహించలేదు. మాట్లాడే నైపుణ్యాన్నే తీసుకుందాం. పెద్ద తరగతిలో ఒక్కొక్క విద్యార్థికి నోరు విప్పే అవకాశం కొద్ది క్షణాలకు మించి దొరకదు, ధైర్యం ఉన్నవారే ఆ క్షణాలను కూడా తీసుకుంటారు. ఫోన్‌లో తమ మాటను రికార్డు చేసి పంపమనడం దీనికి తేలికైన పరిష్కారంలా కనిపిస్తుంది. రికార్డు చేయించడం నేర్చుకోవడానికి నాకు ఒక పూట కూడా పట్టలేదు. నేర్చుకోవలసినదంతా ఆ తరువాతే మొదలైంది.

అన్ని రికార్డింగులనూ మొదటి నుంచి చివరి వరకు వినడం ఏ ఉపాధ్యాయుడికీ సాధ్యం కాదు. కాబట్టి ప్రతి అభ్యాసంలోనూ దేని కోసం వినాలో ముందే నిర్ణయించుకోవడం నేర్చుకున్నాను: ఒకసారి వాక్యాల మధ్య విరామం, ఒకసారి భూతకాలపు క్రియలు, మరొకసారి ప్రశ్న అడిగేటప్పుడు స్వరం లేచే తీరు. రాసుకున్నది చూసి చదువుతున్న విద్యార్థికీ ఆలోచిస్తూ మాట్లాడుతున్న విద్యార్థికీ ఉన్న తేడాను మాటల మధ్య ఆగే తీరును బట్టి పట్టుకోవడం, చదివే వీలు లేకుండా ప్రశ్ననే మార్చడం నేర్చుకున్నాను. తమ రికార్డింగును తామే విని, ఒక్క అంశం సవరించి, మళ్లీ రికార్డు చేయమని చెప్పినప్పుడు విద్యార్థులు పంపే ముందు దాన్ని అనేకసార్లు చేస్తారని, నేను ఇచ్చే దిద్దుబాటు కంటే ఆ పునరావృతమే వారికి ఎక్కువ మేలు చేస్తుందని గమనించాను. తరగతిలో ఎన్నడూ మాట్లాడని పిల్లల గొంతు మొదటిసారి విన్నది కూడా ఈ రికార్డింగుల్లోనే. అయితే వారిని అక్కడే వదిలేస్తే మనుషుల ముందు మాట్లాడడానికి ఎప్పటికీ రారు. కాబట్టి రికార్డింగు తరువాత జంటగా, ఆ తరువాత చిన్న బృందంలో మాట్లాడించే మెట్లు కట్టవలసి వచ్చింది. ఇందులో ఏ ఒక్క నిర్ణయమూ మీటకు సంబంధించినది కాదు, ప్రతి నిర్ణయానికీ భాష ఎలా అలవడుతుందో తెలిసి ఉండాలి.

భాషా భాండాగారాల విషయమూ ఇలాంటిదే. బ్రిటిష్ నేషనల్ కార్పస్ లాంటి సంకలనాల్లో దాదాపు 10 కోట్ల పదాల నిజమైన వాడుక ఉంటుంది. ఒక పదాన్ని వెదికితే అది వచ్చిన వాక్యాలన్నీ వరుసగా ముందుంటాయి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టిమ్ జాన్స్ ఇలాంటి వాక్యాల వరుసలను విద్యార్థుల ముందు పెట్టి, నియమాన్ని వారే కనుక్కునేలా చేసే పద్ధతిని 1990ల ప్రారంభంలోనే ప్రతిపాదించారు. అందులో వెదకడం సులువు. వందల వాక్యాల నుంచి విద్యార్థి స్థాయికి తగినవి పది ఏరడం, అవి ఒకే నమూనాను చూపేలా అమర్చడం, మినహాయింపు ఉన్న వాక్యాన్ని ఎప్పుడు ప్రవేశపెట్టాలో తెలుసుకోవడం మాత్రం అనుభవమున్న ఉపాధ్యాయులు చేయగలిగిన పని. అమెరికన్ విద్యా మనస్తత్వవేత్త లీ షుల్మన్ 1986లో విషయ పరిజ్ఞానం, బోధనా పరిజ్ఞానం కలిసే చోట ఉపాధ్యాయుల ప్రత్యేక జ్ఞానం ఉంటుందని చెప్పారు. విద్యా పరిశోధకులు పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో దానికి సాంకేతికతను జోడించి, ఈ మూడూ విడివిడిగా ఉంటే చాలదని, కలిసిన చోటే బోధన జరుగుతుందని వివరించారు. దీన్ని బట్టి చూస్తే ఏళ్ల అనుభవమున్న ఉపాధ్యాయుల దగ్గర మూడింట రెండు ఇప్పటికే ఉన్నాయి. వారిని వలసదారులు అనడం ఆ రెండింటినీ లెక్కలోకి తీసుకోకపోవడమే.

ఇక నాలుగవ మాట, పరికరాన్ని అందిస్తే భాష దానంతటదే వస్తుందనేది. ఈ ఆశ ఈనాటిది కాదు. 1957లో సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ప్రయోగించిన తరువాత, వెనుకబడతామనే ఆందోళనతో అమెరికా 1958లో చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం కింద అక్కడి పాఠశాలల్లో పెద్దఎత్తున భాషా ప్రయోగశాలలు వెలిశాయి. హెడ్‌ఫోన్లు, టేపు రికార్డర్లు ఉంటే విదేశీ భాషలు వచ్చేస్తాయని నమ్మారు. 1960లలో పెన్సిల్వేనియా పాఠశాలల్లో జరిపిన విస్తృత అధ్యయనంలో, ప్రయోగశాల వాడిన తరగతులకు చెప్పుకోదగ్గ ఆధిక్యం కనిపించలేదు. ఆ అధ్యయన పద్ధతిపై విమర్శలు వచ్చిన మాట నిజమే గాని, టేపు ముందు కూర్చోబెట్టడమే బోధన అవుతుందనే నమ్మకం ఆ తరువాత కోలుకోలేదు.

ఇప్పుడు టేపు స్థానంలో మాటను గుర్తించి మార్కులు వేసే కృత్రిమ మేధ వచ్చింది. దాని శక్తిని నేను తక్కువ చేయను. కాని 2020లో అమెరికాలో ఐదు ప్రముఖ సంస్థల వాక్ గుర్తింపు వ్యవస్థలను పరీక్షించినప్పుడు, శ్వేతజాతి వక్తల మాటల్లో సగటు దోషాల రేటు 0.19 (అంటే వంద పదాలకు సుమారు 19 తప్పులు) ఉండగా నల్లజాతి వక్తల మాటల్లో అది 0.35గా తేలింది. ఒక యాసను సరిగా వినలేని యంత్రం ఆ యాస ఉన్న విద్యార్థికి ఉచ్చారణ తప్పని చెబితే, అది యంత్రం పొరపాటని గుర్తించి ఆ విద్యార్థి పక్షాన నిలబడవలసింది ఎవరు? రాతలోనూ ఇదే పరిస్థితి ఉంది. ఆంగ్లం మాతృభాష కానివారు టోఫెల్ అనే ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను 2023లో కృత్రిమ మేధ రాతను పసిగట్టే ఏడు సాధనాలతో పరీక్షించారు. మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతానికి పైగా యంత్రం రాసినవని ఆ సాధనాలు ముద్ర వేశాయి. పరిమితమైన పదసంపదతో, సాదా వాక్యాలతో రాయడం భాష నేర్చుకుంటున్నవారి సహజ లక్షణం. తన విద్యార్థి నిన్న ఎలా రాశాడో, నెల క్రితం ఎలా రాశాడో తెలిసిన ఉపాధ్యాయులు ఆ ముద్రను కొట్టివేయగలరు. అందుకు ఆ సాధనం ఎలా పనిచేస్తుందో కూడా వారికి తెలిసి ఉండాలి.

యాప్‌లు ఉపాధ్యాయులకంటే మెరుగ్గా చేసే పనులూ ఉన్నాయి, వాటిని ఒప్పుకోవాలి. మనిషి మరపు ఎలా సాగుతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపారు. నేర్చుకున్న పదాన్ని మరచిపోబోయే సమయానికి మళ్లీ గుర్తు చేయడం, ప్రతి విద్యార్థికీ ప్రతి పదానికీ వేరుగా ఆ లెక్క కట్టడం నాకు ఏ విధంగానూ సాధ్యం కాదు. యంత్రం దాన్ని చక్కగా చేస్తుంది. పదాల పునశ్చరణను సంతోషంగా దానికి అప్పగించాను. అలా మిగిలిన తరగతి సమయాన్ని సంభాషణకు కేటాయించాను.

స్థానికులు, వలసదారులు అనే వాదన వల్ల ఉపాధ్యాయుల ఆత్మగౌరవానికి కలిగే గాయం ఒక ఎత్తు, అది యాజమాన్యాలకు అందించే సాకు మరో ఎత్తు. ఉపాధ్యాయులు ఎలాగూ నేర్చుకోలేరని తీర్మానించుకున్న చోట వారికి సమయం ఇవ్వవలసిన అవసరమే కనిపించదు; ఒక పూట శిక్షణ పెట్టి, హాజరు పట్టీలో సంతకాలు తీసుకుని, పని పూర్తయిందని నివేదిక రాస్తే సరిపోతుంది. భాషా ఉపాధ్యాయులకు నిజంగా కావలసినవి వేరే ఉన్నాయి. విద్యార్థులు లేనప్పుడు పరికరాన్ని పరీక్షించుకోవడానికి పని గంటల్లోనే కొంత వ్యవధి ఉండాలి. తాము బోధించే భాషనే బోధిస్తూ ఆ సాధనాన్ని వాడుతున్నవారి తరగతిలో వెనుక కూర్చుని చూసే అవకాశం ఉండాలి. ఒక సాధనం తమ విద్యార్థులకు పనికిరాదని తేలినప్పుడు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేకుండా దాన్ని పక్కన పెట్టే స్వేచ్ఛ కూడా ఉండాలి.