సున్నా వేసిన యాడ్ సర్వరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ యాడ్ సర్వరు గారి సముఖమునకు,

విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమీది గదిలో కూర్చుని, వెబ్ పేజీల్లో కదిలే ప్రకటన బ్యానర్లు తయారుచేసి పొట్ట పోసుకునే ఒక అల్పజీవి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట ఎండలు మినహా అందరమూ క్షేమం. సైట్లలో ప్రకటనలు వడ్డించి, ఎన్నిసార్లు చూపారో ఎందరు నొక్కారో లెక్క రాసుకునే కంప్యూటరైన తమరు ఏ దేశంలోనో చల్లని ఏసీ గదిలో అద్దెకు ఉంటున్నారు కనుక, ఆ అద్దె నెలనెలా నేనే కడుతున్నాను కనుక, తమ క్షేమం విడిగా అడగవలసిన అవసరం లేదు.

సంగతేమిటంటే, గుంటూరు బ్రాడీపేటలోని ఒక పచ్చళ్ల దుకాణానికి ఈ వేసవిలో కొత్తావకాయ ప్రకటన చేశాను. వెడల్పు 300 పిక్సెళ్లు, ఎత్తు 250, నిడివి 15 సెకన్లు. మామిడి ముక్క వచ్చి జాడీలో పడుతుంది, దాని మీద ఎర్రటి కారం రాలుతుంది, పైనుంచి నూనె ధారగా దిగుతుంది, చివరకు జాడీ మూతికి వాసెన బిగుస్తుంది. ఆ వాసెన ముడి చూడడానికి సహజంగా ఉండేందుకు నాకు రెండు రాత్రులు పట్టింది. దాన్ని గురించి ఇంకా చెప్పగలను గాని, తమరికి అటువంటి వాటి మీద ఆసక్తి లేదని తెలుసు. ఎవరైనా దాన్ని నొక్కారా లేదా అన్నదొక్కటే తమరికి కావాలి. దుకాణంతో నా ఒప్పందం కూడా అలాగే కుదిరింది, ఒక్కో క్లిక్కుకు ఇంత అని. బ్యానరు ఒక స్థానిక వార్తల సైటులో ఎక్కింది. మూడు వారాల తర్వాత తమ రిపోర్టు తెరిస్తే, చూపించిన లెక్క వేలల్లో ఉంది, నొక్కిన లెక్క సున్నా. అరసున్నా కూడా కాదు, నిండు సున్నా.

చూపించిన లెక్క సంగతి కూడా నాకు తెలియనిది కాదు. ప్రకటనతోపాటు ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉన్న కంటికి కనబడని బొమ్మను పంపుతారు, ఆ బొమ్మ కోసం బ్రౌజరు అడిగిన ప్రతిసారీ ఒక గీత గీసుకుంటారు. బ్రౌజరు తన దగ్గర దాచుకున్న పాత బొమ్మనే వాడుకుని తమకు గీత తగ్గించకుండా, ప్రతి చిరునామా చివరా ఒక తలాతోకా లేని అంకెను కూడా తగిలిస్తారు. పేజీ అడుగున, వేలు ఎన్నడూ చేరని చోట బ్యానరు పడి ఉన్నా తమ ప్రకారం అది చూపించినట్టే. బొమ్మలో కనీసం సగం, కనీసం ఒక సెకను పాటు తెర మీద ఉంటేనే చూడడానికి వీలైనట్టు లెక్క అని పెద్దలు తర్వాత ఒక కొలత పెట్టారు. వారికి నా దండాలు.

సున్నాను చంకన పెట్టుకుని, నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కి వెళ్లాను. ఆ దుకాణం అమ్మగారికి డెబ్బై ఏళ్లుంటాయి. నేను నోరు తెరవకముందే, "ఏం బాబూ, బిల్లు పంపలేదేం? మర్చిపోయావా?" అని అడిగి, కౌంటరు కింద నుంచి ఒక పొడుగాటి నోటు పుస్తకం తీశారు. ఆర్డరు చెప్పిన ప్రతివారినీ ఆవిడ "ఎక్కడ చూశారండీ?" అని అడుగుతారట. చుట్టాలు చెప్పారంటే ఒక వైపు, దారిన పోతూ చూశామంటే ఒక వైపు, నెట్టులో జాడీ చూశామంటే మరో వైపు, నిలువు గీతలు నాలుగు, వాటిని కోస్తూ అడ్డగీత ఒకటి. పుట అంచున నూనె వేలిముద్రలు. ఆ మూడు వారాలకు నెట్టు వైపు పుట నిండిపోయి, వెనక్కి తిప్పారు. నేను ఫోనులో తమ సున్నాను చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకెత్తి చూసి, "ఇది పాడైందేమో, షాపులో చూపించు" అన్నారు.

పాడైనది తమరు కాదని, తిరుగు ప్రయాణంలో కాజ టోల్‌గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు నాకు తట్టింది. టోల్‌గేటు లెక్కలో ఉండేవి దాని కమ్మీ కిందనుంచి పోయిన బళ్లే గాని, గుంటూరు నుంచి విజయవాడ చేరిన బళ్లు కావు. పక్క ఊళ్ల దారిన పోయిన బండి కూడా బెజవాడ చేరుతుంది, కాని ఆ పుస్తకంలో అది పుట్టనే లేదు. తమరి పద్ధతి కూడా అదే. నొక్కినవాడు నేరుగా దుకాణానికి పోకూడదు, ముందు తమ గుమ్మం తొక్కాలి, ఏ బ్యానరు, ఏ సైటు, ఏ స్థలం అన్న వివరాలు సమర్పించుకోవాలి, తమరు చిట్టాలో వరుస రాసుకుని 302 అనే చీటీ ఇచ్చి అసలు చిరునామాకు పంపాలి. కదలని బొమ్మకైతే చుట్టూ ఒక లింకు తొడిగి తమరే ఆ పని చక్కబెట్టుకుంటారు. కదిలే బ్యానరు ఐఫ్రేము అనే, పేజీ లోపలి వేరే గదిలో తాను కూర్చుంటుంది కనుక, దాని లోపల పడిన వేలు బయట తొడిగిన లింకుకు తెలియదు. అందువల్ల బ్యానరే లోపలి నుంచి తమ గుమ్మం చిరునామాను అడిగి తీసుకుని, ఆ దారిన మనిషిని పంపాలి. ఆ చిరునామాను తమరు అందించే పాత్ర పేరు క్లిక్‌ట్యాగ్.

ఇక్కడే నా ఖర్మ కాలింది. తమరు ఆ పేరులోని చివరి మూడు ఇంగ్లీషు అక్షరాలను పెద్దబడిలో రాసి పంపారు. నేను వాటిలో మొదటిదాన్ని మాత్రమే పెద్దబడిలో రాసి అడిగాను. బ్యానరును నడిపే భాష జావాస్క్రిప్టుకు ఆ రెండూ వేర్వేరు పేర్లు, సుబ్బారావును పిలిస్తే సుబ్బరాజు పలకనట్టే. అడిగిన పేరుతో ఏదీ దొరక్క, పరీక్ష కోసం నేను లోపల రాసిపెట్టి తీయడం మరచిన దుకాణం చిరునామాకే బ్యానరు జనాన్ని పంపేసింది. నొక్కిన ప్రతివారూ క్షేమంగా ఆవకాయ దగ్గరకు చేరారు. తమ గేటు దగ్గర మాత్రం ఒక్క బండీ ఆగలేదు. అక్షరమాలలో పెద్దా చిన్నా భేదం లేని భాషలో పుట్టినవాడిని, ఇంత చిన్న అక్షరంలో ఇంత పెద్ద మర్యాద దాగి ఉంటుందని ఎలా ఊహిస్తాను?

ఇది ఇప్పటి జబ్బు కూడా కాదు. వెబ్‌లో బొమ్మలు కదిలించే ఫ్లాష్ రాజ్యమేలిన రోజుల్లోనూ బొమ్మే క్లిక్కును మింగేసేది, అప్పుడూ ఇదే పాత్రను, ఇదే పెద్దబడి తగాదాతో, లోపలి బటనుకు అతికించవలసి వచ్చేది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ వారు నీళ్లు వదిలారు, మరుసటి జనవరి 12 నుంచి అది ఆడడమే మానేసింది. మనిషి పోయినా అతని అప్పుపత్రం మిగిలినట్టు ఆ పాత్ర మాత్రం, ఇప్పుడు బ్యానర్లు రాసే హెచ్‌టీఎంఎల్ 5కు వారసత్వంగా వచ్చింది. తమ కులంలో పేర్లు మార్చుకోవడం కొత్తేమీ కాదు. పీహెచ్‌పీయాడ్స్‌న్యూగా ఉన్న బంధువు ఒకరు ఓపెన్‌యాడ్స్ అయి, ఓపెన్‌ఎక్స్ అయి, 2013 నుంచి రివైవ్ యాడ్‌సర్వర్‌గా చలామణీ అవుతున్నారు. ఇన్ని నామకరణాలు చేసుకున్నవారు ఈ ఒక్క పేరును ఏ బడిలో రాసినా పలికితే ఏం పోయింది?

సరే, అక్షరాలు దిద్దాను, లోపలి చిరునామా పీకేశాను, బ్యానరు మళ్లీ ఎక్కించాను. ఆ మర్నాటి నుంచి తమ రిపోర్టులో క్లిక్కులు కుంభవృష్టిగా కురిశాయి. మురిసిపోయి వాటిని విప్పి చూశాను. కొన్ని తెల్లవారుజామున మూడింటికి, ఒకే చిరునామా నుంచి, సెకను తేడా లేకుండా పడ్డాయి. ఆవకాయ కోసం ఆ వేళప్పుడు అంత నియమంగా లేచే మనిషి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లేడని నేను పూచీ ఇవ్వగలను. మరికొన్ని మూలనున్న ఇంటూ గుర్తును నొక్కబోయి జారిన బొటనవేళ్లు. 1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ వారు తమ వెబ్ పత్రికలో మొదటి బ్యానర్లు ఎక్కించినప్పుడు, వాటిలో అమెరికా ఫోను కంపెనీ ఏటీ అండ్ టీ వారిదాన్ని చూసిన నూరుమందిలో 44 మంది నొక్కారని చెప్పుకుంటారు. వారు ఇదేదో వింత అని నొక్కారు, మావాళ్లు ఇది పోతే బాగుండునని నొక్కుతున్నారు. తమ చిట్టాలో ఇద్దరికీ ఒకటే గీత. తమరిని చిత్రగుప్తుడితో పోలుద్దామనుకుని విరమించుకున్నాను, ఆయన చేసిన పనితోపాటు చేసినవాడి ఉద్దేశం కూడా రాసుకుంటాడంటారు.

ఇది చాలదన్నట్టు, దుకాణం పేజీలో పెట్టిన లెక్క తమ లెక్కతో కలవలేదు. తమ గుమ్మం దాటినవారిలో కొందరు ఆ పేజీ తెరుచుకునేలోపే వెనక్కి తిరిగిపోతారు, కొందరి ఫోన్లు లెక్కపెట్టే స్క్రిప్టునే అడ్డుకుంటాయి. గుంటూరు మిర్చి యార్డులో ఇంటి దగ్గర తూచిన టిక్కీ, అంటే మిర్చి బస్తా, కాటా ఎక్కేసరికి తేలికవడం రైతుకు అలవాటే, తరుగు అని సరిపెట్టుకుంటాడు. అయితే అక్కడ తరుగు కొన్నవాడికి లాభం. ఇక్కడ తరుగేమో క్లిక్కులు కొన్న అమ్మగారి నెత్తినే పడుతోంది, ఎందుకంటే బిల్లు తమ కాటా మీద వేయాలి.

ఆ బిల్లును, తమ రిపోర్టును అచ్చు వేయించుకుని మళ్లీ బ్రాడీపేట వెళ్లాను. ఆవిడ నోటు పుస్తకంలో ఆ నెల నెట్టు వైపు గీతలు సగం పుటకు రాలేదు, మామిడికాయల కాలం వెళ్లిపోతోంది మరి. రిపోర్టులోని అంకెను, పుస్తకంలోని గీతలను మార్చి మార్చి చూసి, "నీ మిషను నిద్రపోయినప్పుడేమో బేరాలొచ్చాయి, లేచి కూర్చున్నాక తగ్గాయేమిటి బాబూ?" అన్నారు. ఐఫ్రేములు, 302లు, బొటనవేళ్లు, తరుగు అన్నీ వివరించాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఆవిడ గీతలు లెక్కపెట్టి, సున్నా నెలకూ వరద నెలకూ కలిపి పుస్తకం ప్రకారం డబ్బు లెక్కించి చేతిలో పెట్టారు. తమ రిపోర్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నూనె కారుతున్న ఒక జాడీ కిందికి తోశారు. పైమడత మీది క్లిక్కుల మొత్తం ఎర్రబడి, చూస్తుండగానే చదవడానికి వీల్లేకుండా పోయింది.

వచ్చే నెల అద్దె యథాప్రకారం పంపుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
గవర్నరుపేట బ్యానర్లవాడు