జరగని ఎన్నిక

1955 అక్టోబరులో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ నగరంలో నమోదైన ఓటర్లు సుమారు 4.5 లక్షలు. దేశాధినేత ఎవరో తేల్చే ఓటింగ్‌లో అక్కడ ప్రధాని ఎన్‌గో దిన్ దియెమ్‌కు పడ్డ ఓట్లు 6 లక్షల పైచిలుకు! దొంగ ఓట్ల కథలు మనకేం కొత్త కాదు గానీ, ఊళ్లో ఉన్న ఓటర్ల కంటే పడ్డ ఓట్లే ఎక్కువ కావడం ఘనకార్యమే. దక్షిణ వియత్నాం మొత్తమ్మీద ఆయనకు 98 శాతం వచ్చాయన్నారు. అంత మెజారిటీ అక్కర్లేదని అమెరికా సలహాదారులే చెప్పి చూశారు. విన్నాడు కాదు.

అలా గద్దెనెక్కిన మనిషే, 1956 జులైలోగా దేశమంతటా జరగాల్సిన ఎన్నికకు అడ్డం తిరిగాడు. వెనక అమెరికా ఉంది. ఫ్రాన్స్‌తో యుద్ధం ముగించిన 1954 జెనీవా ఒప్పందంలో 17వ అక్షాంశం దగ్గర గీసింది తాత్కాలిక సైనిక రేఖ మాత్రమే, దాన్ని సరిహద్దుగా చూడకూడదని అందులోనే రాసుకున్నారు. రెండేళ్లలో ఎన్నిక, ఆపై ఒకే దేశం. అమలు చూసే అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్ష స్థానం మన దేశానిది; పోలండ్, కెనడా సభ్యులు. కమిషన్ ఫిర్యాదులు తీసుకుంది, నివేదికలు పంపింది. ఇరుపక్షాలూ మాట విననప్పుడు ఆ పెద్దరికం ఏపాటి?

కమ్యూనిస్టుల ఏలుబడిలో ఉన్న ఉత్తరాన జనం స్వేచ్ఛగా ఓటేయలేరన్నది దియెమ్ వాదన. దాన్ని ఉత్త సాకు అని కొట్టిపారేయలేం. భూసంస్కరణల పేరుతో అక్కడ వేలమందిని చంపారు. 8 లక్షల మందికి పైగా, ఎక్కువగా క్యాథలిక్కులు, ఇళ్లూవాకిళ్లూ వదిలి దక్షిణానికి వచ్చేశారు. కానీ సైగాన్‌లో 6 లక్షల ఓట్లు తెచ్చుకున్నాయన ఈ మాట అనడమే విడ్డూరం. అసలు భయం వేరు. ఫ్రాన్స్‌తో పోరు సాగుతుండగానే ఎన్నిక పెట్టి ఉంటే, మాజీ చక్రవర్తి, అప్పటి దేశాధినేత బావో దాయ్‌ని కాదని నూటికి 80 మంది కమ్యూనిస్టు నేత హోచిమిన్‌కు ఓటేసేవారేమోనని అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరే తర్వాత రాసుకున్నాడు. ప్రజాస్వామ్యాన్ని కాపాడతామంటూ వెళ్లినవాళ్లు ఎన్నిక ఆపడానికి అండగా నిలిచారు. మా దృష్టిలో ఆ యుద్ధం అక్కడే ఓడిపోయింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి వాషింగ్టన్‌కు మరో రెండు దశాబ్దాలు పట్టింది.

ఓటుతో తేలాల్సింది తుపాకీతో తేల్చుకునే పరిస్థితి వచ్చాక దియెమ్ ఎక్కువ కాలం నిలవలేదు. 1963 నవంబరులో ఆయన సొంత సైన్యాధికారులే కుట్ర చేసి చంపారు. కుట్ర సంగతి అమెరికాకు ముందే తెలుసు. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు జనరళ్లు వచ్చారు, పోయారు. నిలబడలేని ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి 1965 మార్చిలో 3,500 మంది మెరీన్లు దనాంగ్‌లో దిగారు. 1968కల్లా అక్కడున్న అమెరికన్ సైనికులు 5 లక్షలు దాటారు.

సైగాన్ పడితే కమ్యూనిజం ఆసియాను మింగేస్తుందన్న టెన్షన్, 1975లో అది పడ్డాక ఏమైందో కూడా చెప్పుకోవాలి. లావోస్, కంబోడియా పడ్డాయి నిజమే. ఆ వరస థాయిలాండ్ దాకా రాలేదు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1979లో, చైనా కమ్యూనిస్టులూ వియత్నాం కమ్యూనిస్టులూ సరిహద్దులో కొట్టుకున్నారు.

ఈ తంతులో అమెరికా కాంగ్రెస్ పాత్ర మరీ చిన్నబుచ్చేది. 1964 ఆగస్టు 4 రాత్రి వియత్నాం పక్కనున్న టోంకిన్ గల్ఫ్‌లో తమ నౌకల మీద ఉత్తర వియత్నాం రెండోసారి దాడి చేసిందని అధ్యక్షుడు జాన్సన్ ప్రకటించాడు. 2వ తేదీన మాడక్స్ నౌక మీద జరిగిన దాడి నిజమే. రెండోది జరగనే లేదని అమెరికా నిఘా సంస్థ సొంత చరిత్రకారుడే రాశాడు. ఆ పత్రం బయటికి వచ్చింది 2005లో. ఈలోగా 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. చనిపోయిన వియత్నాం జనం లెక్క లక్షల్లో. అడవులను మాడ్చే విష రసాయనం ఏజెంట్ ఆరెంజ్ చల్లిన విమానాలకు స్థావరమైన బియెన్ హోవా మట్టిలో ఆ విషం దశాబ్దాలు గడిచినా పోలేదు.

1964 ఆగస్టు 7న, యుద్ధం చేసే అధికారాన్ని అధ్యక్షుడి చేతిలో పెట్టే తీర్మానం ప్రతినిధుల సభలో 416-0తో, సెనేట్‌లో 88-2తో నెగ్గింది. కాదన్నవాళ్లు ఆరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్, అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్. 1968లో ఇద్దరూ తమ తమ ఎన్నికల్లో ఓడిపోయారు.